సంజాయిషీ చెల్లని బెంచీ

చిలుకమ్మ వెంకటరాజంతో మొట్టమొదట మాట్లాడింది తిట్టే. తిడుతున్నది అతన్నేనని ఆమెకు తెలియదు. తెలిసిన అతను నోరు విప్పడానికి వీల్లేదు, చెప్పకూడదని ఆఫీసరు ఆర్డరు. ప్రేమ వ్యవహారాల్లో అబద్ధాలు మామూలే గానీ, సర్కారు ఆర్డరు మీద ఆడిన అబద్ధంతో మొదలైన ప్రేమ వరంగల్ జిల్లా మొత్తం వెతికినా ఇంకొకటి దొరకదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. మగ్గాలున్న వాళ్లకు నూలు కార్డులిచ్చే ఆఫీసొకటి ఉండేది. కార్డుంటే డిపోలో సర్కారు ధరకు నూలు దొరుకుతుంది. లేకపోతే మగ్గం మీద తడిబట్టలు ఆరేసుకోవడమే. ఇంత అవసరమైన ఆఫీసులో పదిన్నరకు తలుపులు తెరుచుకునేవి, మనుషులు మాత్రం తీరిగ్గా వచ్చేవారు. మనుషుల కంటే ముందు వాళ్ల తువ్వాళ్లు వచ్చేవి. అంటే అటెండరు పోశయ్య పొద్దున్నే ప్రతి కుర్చీ వీపు మీదా ఒక తువ్వాల వేసేవాడు. తువ్వాల ఉందంటే మనిషి వచ్చాడని, ఇప్పుడే అలా బయటికి వెళ్లాడని లెక్క. ఈ పద్ధతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు, అందుకే అందరూ తప్పకుండా పాటించేవారు.

వెంకటరాజం ఆ ఆఫీసులో సి సీటు గుమాస్తా. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగాడు, తండ్రి రాజలింగు గూడ్సు బండి గార్డు. స్టేషను ముందు హోటల్లో చాయ్, చాయ్‌తో కబుర్లు అయ్యాకే అతనికి ఉద్యోగం గుర్తొచ్చేది. లేటుకు మెమో ఇస్తే అతను రాసిచ్చే సంజాయిషీలో మాత్రం చాయ్ ఊసుండేది కాదు. ఓసారి రైల్వే గేటుకు బర్రె అడ్డం పడేది, ఓసారి మేనత్తకు ప్రాణం మీదికి వచ్చేది. పోయిన మేనత్తను ఆర్నెల్ల తర్వాత మళ్లీ చంపినా, ఆ రాతలోని కరుణ రసానికి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. వెనకటి ఆఫీసర్లు ఆ సంజాయిషీలు ఇంటికి పట్టుకెళ్లి భార్యలకు చదివి వినిపించేవారట. తోటి గుమాస్తాలకూ అతనే రాసిపెట్టేవాడు. మెమో ఇవ్వడం, సంజాయిషీ పుచ్చుకోవడం, "ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను" అని రాసి మూయడం, వీటికే పొద్దు గూకేది. నూలు కార్డుల పనికి పాపం ఎవరికీ తీరిక దొరికేది కాదు.

అలాంటి ఆఫీసుకు రాజేశ్వర్ రావు ఆఫీసరుగా వచ్చాడు. వచ్చిన కొత్తలోనే హైదరాబాదులో ఏదో ట్రైనింగుకు వెళ్లి, మొహంలో కొత్త వెలుగుతో తిరిగొచ్చాడు. అందరినీ పిలిచి మీటింగు పెట్టాడు. మెమో మనిషిని మార్చదన్నాడు. సస్పెండు చేయడమంటే సగం జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టడమేనన్నాడు, అది విని ఒకరిద్దరు ఆశగా తలలెత్తారు. ఇకనుంచి లేటుగా వచ్చినవాడు మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టేదాకా వరండాలో బెంచీ మీద, పనుల కోసం వచ్చిన జనంతో కలిసి కూర్చోవాలి. పేపరు చదవకూడదు, ఫైలు ముట్టకూడదు, ఆఫీసు మనిషినని చెప్పకూడదు. అప్పుడే జనం బాధ ఒంటికి పడుతుంది. దీని పేరు శిక్ష లేని క్రమశిక్షణ.

యూనియన్ నాయకుడు పాండురంగం లేచి నిలబడ్డాడు. మెమోలకు వ్యతిరేకంగా గేటు ముందు జిందాబాద్‌లు కొట్టి కొట్టి గొంతు బొంగురు పోయిన మనిషి.

"మెమో లేకుంట శిక్షెట్ల ఏస్తరు సార్?" అన్నాడు. "మెమో ఉద్యోగి హక్కు. మా హక్కును మేం ఇడిసిపెట్టం."

మర్నాడు బెంచీకి బోణీ చేసింది వెంకటరాజమే. దారి పొడుగునా మంచి సంజాయిషీ ఒకటి అల్లుకుంటూ వచ్చాడు, అందులో ఆంబోతు కూడా ఉంది. రాజేశ్వర్ రావు వినలేదు, చిరునవ్వు నవ్వి వరండా వైపు చెయ్యి చూపించాడు. ఉద్యోగంలో చేరాక వెంకటరాజానికి భయమేసింది అదే మొదటిసారి.

ఒక కాలు పొట్టిదైన బెంచీ అది. ఆ కాలి కింద ఇటుక పెట్టారు. ఒక చివర కునుకు తీస్తున్న ముసలాయన, నడుమ ఒళ్లో స్టీలు టిఫిను పెట్టుకుని ఓ అమ్మాయి. జడకు నూలు పోగొకటి అంటుకుని ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. వెంకటరాజం ఆ పోగునే చూస్తూ కూర్చోబోయి ఆమె చెంగు మీద కూర్చున్నాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నవ్ అన్నా? జర అటు జరుగు," అంది ఆమె. ఆ పైన జాలి కలిగినట్టుంది, ఏ సీటులో పని అని అడిగింది. అతను నీళ్లు నమిలి, సి సీటన్నాడు.

"అయితే నీ గతీ నా గతీ ఒక్కటే. గా సి సీటోడు మనిషా? ఎప్పుడచ్చినా కుర్సికి తువ్వాలే కనబడ్తది. దసరా ముంగట సంది గా తువ్వాలకు దండం పెట్టి పోతాన. వాని చేతులు ఇరగ, వాడు జీతమెట్ల తీస్కుంటడు, తువ్వాలతోని సంతకం పెట్టిస్తడా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ పోశయ్యకు ఉన్నట్టుండి దగ్గు ముంచుకొచ్చింది. వెంకటరాజం మాత్రం, అలాంటోణ్ణి ఏం చేసినా పాపం లేదని ఒప్పుకున్నాడు.

పేరడగకుండానే తన కథంతా చెప్పింది చిలుకమ్మ. కొత్తవాడలో జంపఖానాలు నేసే మార్కండేయులు ఆమె తండ్రి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన చుట్టూ తిరిగి ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. మగ్గం ఆమె నడుపుతోంది. కార్డు మాత్రం ఇంకా తండ్రి పేరునే ఉంది. తండ్రే వచ్చి వేలిముద్ర వేయాలని డిపో వాళ్లంటారు, ఆయన లేవలేడు. కార్డు ఆమె పేరుకు మార్చాలి, ఆ దరఖాస్తు సి సీటులో పడి ఉంది. ఉగాదికి డిపోలో కొత్త నూలు దిగుతుంది, తర్వాత పెళ్లిళ్ల సీజను. అప్పటికి నూలు చేతికి రాకపోతే మగ్గం అమ్మేసి, ఆమె ఎవరి షెడ్డుకో కూలికి పోవాలి. కొనడానికి ఒకడు ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు కూడా.

ఆ దరఖాస్తు ఎక్కడుందో వెంకటరాజానికి బాగా తెలుసు. టేబులు మీది కట్టలో అన్నిటి కంటే పైన, సరిగ్గా అతని అన్నం డబ్బా కింద ఉంది. రోజూ దాని మీదే డబ్బా పెట్టుకుని తింటున్నాడు. సాంబారు మరక కూడా పడింది. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

బెల్లు కొట్టగానే ఆమె ఇంటిదారి పట్టింది, అతను లోపలికి పరుగెత్తి డబ్బా పక్కన పెట్టి ఆ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు ముక్కల నోటు రాసి ఆఫీసరు సంతకం పెట్టిస్తే అయిపోయే పని. కలం మూత తీశాడు. అప్పుడు బుద్ధి పెడదారి పట్టింది. ఈ పని అయిపోతే రేపటి నుంచి ఆ అమ్మాయి ఎందుకొస్తుంది? ఉగాదికి ఇంకా బోలెడు గడువుంది, ఒక్క రోజు ఆగితే ఏ కొంప మునగదు. కలం మూత పెట్టేశాడు.

మర్నాడు పదింటికే వచ్చేశాడు. లేటుగా రావడానికి ఇంత తొందరగా వచ్చిన ఉద్యోగి మరొకడు ఉండడు. ఎదురుగా చాయ్ బండి చాటున నక్కి, వేళ దాటాక రొప్పుకుంటూ లోపలికి వెళ్లాడు. రాజేశ్వర్ రావు నవ్వి చెయ్యి చూపించాడు. వెంకటరాజం మొహం వేలాడేసుకుని, లోపల ఎగిరి గంతులేస్తూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ ఒక్క రోజు అలా సాగుతూ పోయింది. చిలుకమ్మ టిఫినులో సర్వపిండి తెచ్చేది, విరిచి సగం ఇచ్చేది. నీదేం పనని అడిగితే, వాళ్ల తాత నాడు మగ్గం విడిచిపెట్టి రైలెక్కాడని, దాని తాలూకు కాగితాలేవో ఉన్నాయని నసిగాడు. తాత సంగతి నిజమే, కాగితాల సంగతే అబద్ధం. మరి రోజంతా ఏం చేస్తావంటే, కూర్చుంటానన్నాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, ఓరగా ఒక చూపు చూసింది. ఆ తర్వాత నుంచి పిలుపులో 'అన్నా' తగ్గుతూ వచ్చింది. వెంకటరాజం ప్రతి మాట చివరా అది రాకూడదని కాజీపేట దర్గా వైపు తిరిగి మొక్కుకునేవాడు.

ఒకరోజు అకాలంగా వాన పడింది. వరండా రేకులు కారడంతో ఇద్దరూ బెంచీని చెరో పక్కా పట్టుకుని గోడ వారకు జరిపారు. ఇటుక మరిచిపోయారు. ఇద్దరూ కూర్చోగానే బెంచీ ఒరిగి ఆమె భుజం అతని భుజానికి తగిలింది. ఇటుక తెస్తానని అతను లేవబోతే, వానలో ఎందుకు, బాగానే ఉందిగా అంది ఆమె, అతని వైపు తిరిగి చూసి. ఇద్దరూ కారే నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. ఏం చూశారంటే ఇద్దరూ చెప్పలేరు.

ఇక్కడ ఇలా ఉంటే లోపల ఇంకో వింత. శిక్ష పడ్డ వెంకటరాజం రోజురోజుకూ నిగనిగలాడుతుంటే మిగతావాళ్లకు ఓర్వలేనితనం పుట్టింది. బెంచీ మీద గాలి తగులుతుంది, పని ఉండదు, చేయకూడదని ఆర్డరు కూడా ఉంది. గుమాస్తాలంతా లేటుగా రావడం మొదలుపెట్టారు. హక్కుల కోసం లేచిన పాండురంగం బెంచీ మీద సీనియారిటీ ప్రకారం చోటు కావాలని కొత్త డిమాండు పెట్టాడు. పనుల కోసం వచ్చిన జనానికి కూర్చునే చోటు లేక ఎండలో నిలబడ్డారు. రాజేశ్వర్ రావు ఇంకో బెంచీ చేయించి, పథకానికి స్పందన నానాటికీ పెరుగుతోందని హైదరాబాదుకు రాశాడు. అక్కడి నుంచి మెప్పు వచ్చింది.

పోశయ్య ఒక్కడే ఉండబట్టలేక వెళ్లి ఆఫీసరుతో అన్నాడు. "సార్, లోపట ఒక్కలు లేరు. అందరు బెంచీ మీదనే ఉన్నరు. గా జనాన్నే తోల్కపోయి కుర్సీల కూసోపెడితే పనన్న అయితదేమో." రాజేశ్వర్ రావు సలహా బాగుందని, వచ్చే ట్రైనింగులో అడుగుతానని అన్నాడు.

ఉగాది దగ్గర పడింది. ఒకనాడు చిలుకమ్మ టిఫిను లేకుండా వచ్చింది. వెంకటరాజం హాస్యమాడబోయాడు, ఆమె నవ్వలేదు. కిందికి చూస్తూ చెప్పింది.

"రేపటి సంది నేను రాను. మగ్గం కొనెటోడు రేపు పొద్దుగాల అచ్చి ఇప్పుకపోతాండు. మా బాపు నిన్నటి సంది గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నీ పనన్న కానీ. గా సి సీటోడు ఎప్పుడన్న కనబడితే, నా పేరు చెప్పి గూడ రెండు తిట్టు."

 ఉగాదికి ఇంకా గడువుందనుకున్నాడు వెంకటరాజం గానీ, ఆకలికి గడువుండదని అతనికి తట్టలేదు. ఆమె పక్కన కూర్చోవడం కోసం ఆమె కూర్చునే మగ్గాన్నే పోగొట్టాడు. లేచి లోపలికి నడిచాడు. ఎవరితో మాట్లాడటానికి వెళ్తున్నాడోనని చిలుకమ్మ కూడా లేచి వెనకే గుమ్మం దాకా వచ్చింది.

ఖాళీ గదిలో అతను సి సీటు దగ్గరికి వెళ్లాడు. కుర్చీ మీది తువ్వాల తీశాడు. దాంతో మొహం తుడుచుకుని, మళ్లీ కుర్చీకి తగిలించి కూర్చున్నాడు. అన్నం డబ్బా ఎత్తి కాగితాలు తీసి గబగబా నోటు రాశాడు. గుమ్మంలో ఉన్న మనిషిని అతను చూడలేదు.

ఆఫీసరు గదిలో రాజేశ్వర్ రావు గడియారం చూపించాడు. భోజనాల బెల్లు ఇంకా కొట్టలేదు. అంతవరకూ అతను గుమాస్తా కాడు, మామూలు పౌరుడు, పౌరుడు ఫైలు ముట్టకూడదు, పౌరుడు రాసిన నోటు మీద సంతకం పెడితే ప్రయోగం మొత్తం చెడిపోతుందని నచ్చజెప్పాడు.

"నాకు మెమో ఇయ్యండి సార్," అన్నాడు వెంకటరాజం. "సస్పెండ్ చెయ్యండి. దీని మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టండి. ఇన్ని రోజులు కావాలని లేటొచ్చిన. కావాలనే దీన్ని ఆపిన."

ఎందుకని ఆఫీసరు అడిగాడు. ఆ మాటకు ఆంబోతులు, మేనత్తలు, రైల్వే గేట్లు అన్నీ నాలుక చివరకు వచ్చి వెనక్కి పోయాయి.

"సంజాయిషీ లేదు సార్. తప్పు నాదే."

రాజేశ్వర్ రావు కళ్లజోడు తీశాడు. ఈ పద్ధతి వల్ల మనిషి మారతాడని ట్రైనింగులో చెప్పింది విన్నాడు, తనే మీటింగులో చెప్పాడు, రాతపూర్వకంగా పైకి కూడా రాశాడు. నిజంగా మారతాడని మాత్రం ఆయన ఎన్నడూ అనుకోలేదు. కలం తీసి సంతకం పెట్టాడు.

పేరు మారిన కార్డు చేత్తో పట్టుకుని బయటికొచ్చిన వెంకటరాజానికి సి సీటు ముందు చిలుకమ్మ ఎదురైంది. ఆమె మొహం చూడగానే సంగతి అర్థమైంది. ఆర్డరు గురించి చెప్పబోయాడు.

"ఒక్క దినానికి ఆర్డరు. కడమ దినాలు ఎవలిచ్చిన్రు సారూ ఆర్డరు?" అంది ఆమె. గొంతు పెంచలేదు. ఆ 'సారూ' వింటే అతనికి 'అన్నా' ఎంతో నయమనిపించింది. కార్డు తీసుకుంది. కుర్చీ మీది తువ్వాల కూడా లాక్కుని భుజాన వేసుకుంది. "ఇది తీస్కపోతాన. దసరా సంది నాకు ఎరుకైంది గీ తువ్వాలే. నువ్వెవ్వలో నాకు తెల్వదు."

మర్నాడు మగ్గం కొనేవాడు ఉత్త చేతులతో పోయాడని పోశయ్య కనుక్కొచ్చి చెప్పాడు. వెంకటరాజం పదిన్నరకల్లా కుర్చీలో ఉండటం మొదలుపెట్టాడు. తువ్వాల లేదు కనుక మనిషే ఉండాల్సి వచ్చింది. కార్డుల పనులు చకచకా సాగాయి. ఇదంతా చూసి రాజేశ్వర్ రావును ఆ పద్ధతి పదిమందికీ నేర్పడానికి హైదరాబాదుకు బదిలీ చేశారు. కొత్తగా వచ్చినాయన బెంచీలు తీసేయించి మెమోలు మొదలుపెట్టాడు. హక్కు తిరిగొచ్చిందని పాండురంగం స్వీట్లు పంచాడు. సంజాయిషీలు రాసిపెట్టేవాడే కరువయ్యాడు.

ఆదివారం వెంకటరాజం కొత్తవాడ వెళ్లాడు. బస్సులో కూర్చుని, జీవితంలో రాయని గొప్ప సంజాయిషీ మనసులో సిద్ధం చేసుకున్నాడు. గడపలో నిలబడి, "నేను ఎందుకు చెప్పలేదంటే" అని మొదలుపెట్టాడో లేదో, మగ్గం మీది నుంచి చిలుకమ్మ తలెత్తకుండానే అంది.

"సంజాయిషీ అద్దు. గాడ పీటున్నది. కూసో."

పీట ముందు రాట్నం ఉంది. కండెలు చుట్టమంది. అతను చుట్టిన నూలు తెగింది, చిక్కు పడింది, మెడకు కూడా చుట్టుకుంది. తల్లి భాగ్యమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పొద్దు వాలాక, ఇక వెళ్లు, మళ్లీ ఆదివారం రమ్మంది చిలుకమ్మ. మెమో లేదు, సస్పెన్షను లేదు, గడువు కూడా లేదు. రాజేశ్వర్ రావు చూసి ఉంటే ఇంకో ట్రైనింగు పెట్టించేవాడు.

అలా ఆదివారాలు గడిచాయి. ఒకనాడు మంచం మీది నుంచి మార్కండేయులు మాట కూడదీసుకుని, మీ తాతది ఏ ఊరని అడిగాడు. ధర్మసాగర్ అని, పేరు యాకయ్య అని వెంకటరాజం చెప్పాడు. ముసలాయన వంకరపోయిన మూతితోనే నవ్వాడు. మగ్గం మీద సగం నేసిన బట్ట అలాగే వదిలేసి రైలెక్కిన యాకయ్య ఆయనకు బాగా తెలుసు.

"తాత సగం ఇడిసిపెట్టిండు. కడమ సగం మనుమడు చేస్తాండు. చెయ్యనీ," అన్నాడు.

భాగ్యమ్మ వెంటనే వేళ్ల మీద చుట్టరికాలు లెక్కగట్టి, పిల్లవాడు వరుసకు బావ అవుతాడని తేల్చింది. దాంతో 'అన్నా' అన్న పిలుపు పాత తేదీ నుంచి రద్దయింది. రాజలింగు దంపతులను పెళ్లి మాటలకు పిలిపించాలని కూడా ఆ పూటే అనుకున్నారు. చిలుకమ్మ మాత్రం అవుననలేదు, కాదనలేదు. వెంకటరాజం అడగడానికి జంకాడు.

తర్వాతి ఆదివారం బస్సు దారిలో ఆగిపోయి, అతను చెమటలు కక్కుకుంటూ ఆలస్యంగా చేరాడు. లోపలికి చూస్తే రాట్నం ముందు పీట లేదు. మగ్గం దగ్గర, ఆమె కూర్చునే పలక మీద, ఆమె పక్కన కొంచెం జాగా ఉంది. అక్కడ ఆఫీసు తువ్వాల పరిచి ఉంది. ఉతికి, మడత నలగకుండా. దాన్ని చూసి అతని ప్రాణం ఉసూరుమంది. తను తువ్వాలకే సమానమని మళ్లీ దెప్పుతోందనుకున్నాడు.

"ఇంక కోపం పోలేదా?" అన్నాడు.

చిలుకమ్మ ఈసారి తలెత్తి చూసింది. బెంచీ ఒరిగిన వాన రోజు చూపు అది.

"బస్సుల జాగ కావాలంటే ఏం చేస్తం? కిటికీలకెల్లి తువ్వాలేస్తం. ఎవ్వలు కూసోవద్దని నేను గూడ ఏసిన."

వెంకటరాజం చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఈ సీటు ఎన్నాళ్లకని మెల్లగా అడిగాడు.

"ఆఫీసు సీటుకైతే రిటైర్మెంటుంటది," అంది ఆమె. "దీనికి లేదు. కూసో, లేటైంది."

అతను తువ్వాల తీసి భుజాన వేసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఎందుకు లేటయిందో ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు.